సీ అర్చిన్ పిండంలో ఏ కణం ఏమవ్వాలో ఎలా తేలుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అన్ని కణాల్లోనూ ఉన్నది ఒకే జీనోమ్ (జన్యువులన్నీ ఉన్న డీఎన్ఏ మొత్తం) కదా, మరి సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్ర జీవి) పిండంలో ఒక కణం అస్థిపంజరం కట్టేదిగా, దాన్ని ఆనుకునే ఉన్న ఇంకో కణం పేగుగా ఎలా మారుతున్నాయి? ఎమ్మెస్సీ పుస్తకంలో ఇచ్చిన బాణాల బొమ్మ కరెంటు సర్క్యూట్‌లా ఉండి బుర్రకెక్కలేదు. అస్థిపంజరానికి ఫలానా జన్యువు, పేగుకు ఫలానా జన్యువు అని గుర్తుపెట్టుకుంటే సరిపోతుందా?

చివరి ప్రశ్నకు ముందు చెప్పేస్తాను: సరిపోదు. పరీక్షలో నాలుగు మార్కులు పడొచ్చు గానీ విషయం మాత్రం తలకిందులుగా అర్థమవుతుంది. ఈ పిండాలతో కొన్నేళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ప్రతి జన్యువుకూ దగ్గర్లో, ప్రోటీన్‌కు కోడ్ కాని డీఎన్ఏ ముక్కలు కొన్ని ఉంటాయి. ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు (జన్యువులను ఆన్ లేదా ఆఫ్ చేసే ప్రోటీన్లు) వచ్చి అతుక్కునే చోట్లు వాటి మీద ఉంటాయి. ఆ సమయంలో ఆ కణంలో ఏ ఫ్యాక్టర్లు ఉన్నాయి, ఏవి లేవు అన్నదాన్ని బట్టి ఆ జన్యువు పనిలోకి దిగుతుంది, లేదా ఊరుకుంటుంది. అది తయారుచేసేది కూడా ఇంకో ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టరే అయితే, అది పోయి మరో జన్యువు దగ్గరున్న ముక్క మీద అతుక్కుంటుంది. మీ బొమ్మలో బాణాలన్నీ ఇవే. బాణం మొన ఉంటే ఆన్ చేస్తుందని, మొన బదులు అడ్డగీత ఉంటే ఆపేస్తుందని అర్థం. అంతకు మించి అందులో మర్మం లేదు. అసలు చిక్కంతా వేరే చోట ఉంది: అన్ని కణాలూ ఒక్క గుడ్డులోంచే వచ్చినప్పుడు మొదటి తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? వచ్చిన తేడా కొన్ని గంటల్లో చెరిగిపోకుండా ఎలా నిలబడింది?

దీనికి సీ అర్చిన్‌నే ఎందుకు పట్టుకున్నారంటే, చేయి పెట్టడానికి ఇంత వీలైన పిండం మరొకటి దొరకడం కష్టం. ఎక్కువ పని జరిగింది ఉత్తర అమెరికా పసిఫిక్ తీరంలో దొరికే ఊదారంగు జాతి మీద. దాని పేరు స్ట్రాంజైలోసెంట్రోటస్ పర్‌ప్యురేటస్. ముళ్ళ జీవిని తిరగేసి, నోటి చుట్టూ ఉండే మెత్తని పొరలోంచి పొటాషియం క్లోరైడ్ ద్రావణం ఇంజెక్ట్ చేస్తే కాసేపటికి ఆడదైతే లేత నారింజ రంగు గుడ్లు, మగదైతే తెల్లటి వీర్యం బయటికొస్తాయి. ఆడదాన్ని సముద్రపు నీళ్ళు నిండుగా ఉన్న బీకరు మీద బోర్లిస్తే గుడ్లు సన్నటి ధారల్లా కిందికి దిగుతాయి. ఒక్క జీవి నుంచే లక్షల గుడ్లు. ఒక్కొక్కటి సుమారు 80 మైక్రాన్లు. వీర్యం కలిపిన నిమిషంలోపే గుడ్డు చుట్టూ పొర పైకి లేవడం మైక్రోస్కోపులో కనిపిస్తుంది. అక్కణ్ణుంచి అన్నీ ఒకే సమయానికి విభజన చెందుతాయి, పైగా లోపలి దాకా కనిపించేంత పారదర్శకంగా ఉంటాయి. 15 డిగ్రీల నీళ్ళలో మూడు రోజులు గడిచేసరికి ఈదుతూ తిండి వెతుక్కునే ప్లూటియస్ లార్వా తయారవుతుంది. ఈ జాతి జీనోమ్ 2006లో ప్రచురించారు. సుమారు 81 కోట్ల బేసులు, 23 వేలకు పైగా జన్యువులు.

ఇక విభజనల లెక్క. ఇది ఒకసారి కళ్ళకు కడితే మిగతాది తేలిక. మొదటి రెండు విభజనలు నిలువుగా, మూడోది అడ్డంగా జరుగుతాయి. దాంతో పైన నాలుగు, కింద నాలుగు కణాలు. పైభాగాన్ని యానిమల్ పోల్, కిందిదాన్ని వెజిటల్ పోల్ అంటారని మీకు తెలుసు. నాలుగో విభజనలో పై నాలుగూ సమానంగా చీలి ఎనిమిది మీసోమియర్లు అవుతాయి. కింది నాలుగు మాత్రం అసమానంగా చీలుతాయి. పైన నాలుగు పెద్ద మాక్రోమియర్లు, అట్టడుగున నాలుగు బుల్లి మైక్రోమియర్లు. మొత్తం 16. ఊదా జాతిలో ఈ దశ సుమారు ఐదు గంటలకు వస్తుంది. ఆ నాలుగు మైక్రోమియర్లు మళ్ళీ అసమానంగా చీలుతాయి. వాటిలో పెద్దవాటి సంతతే అస్థిపంజరం కడుతుంది. చిన్నవి చాలాకాలం దాదాపు ఊరకే ఉండి, తర్వాత బీజకణాల వైపు వెళ్తాయి. మాక్రోమియర్ల నుంచి పేగు, రంగు కణాలు, కొన్ని కండర కణాలు వస్తాయి. మీసోమియర్ల నుంచి ప్రధానంగా పై చర్మం, నాడీ కణాలు.

జన్యువంటే డీఎన్ఏ అని తెలియని రోజుల్లో జరిగిన ప్రయోగాలను మీ పుస్తకం ఒక పేరాలో తేల్చేసి ఉంటుంది. కానీ వాటిని సరిగ్గా చదివితే సగం జవాబు అక్కడే ఉంది. 1891లో ట్రియెస్ట్‌లో హాన్స్ డ్రీష్ రెండు కణాల దశలో పిండాల్ని గట్టిగా కుదిపి ఆ రెండిటినీ విడదీశాడు. సగం లార్వా వస్తుందనుకుంటే, ఒక్కో కణం నుంచీ సైజు తగ్గిన పూర్తి లార్వా వచ్చింది. దీన్నిబట్టి కణాలకు ముందస్తు నిర్ణయమేమీ లేదు, అంతా సర్దుకుంటుంది అని చాలామంది చెప్పేస్తారు. 1930లలో స్వీడన్‌కు చెందిన స్వెన్ హోర్‌స్టాడియస్ సన్నటి గాజు సూదులతో అదే పిండాన్ని అడ్డంగా కోశాడు. కింది సగంలో పేగు వచ్చింది. పై సగం మాత్రం సన్నటి కదిలే రోమాలు (సీలియాలు) ఉన్న ఖాళీ బంతిలా ఈదుతూ ఉండిపోయింది, అందులో పేగూ లేదు, అస్థిపంజరమూ లేదు. రెండు ప్రయోగాలకూ వైరుధ్యం లేదు. డ్రీష్ విడదీసింది నిలువు గీత మీద, అందువల్ల రెండు ముక్కలకూ పైభాగమూ వచ్చింది, కిందిభాగమూ వచ్చింది. అంటే గుడ్డులో పైనుంచి కిందికి ఏదో తేడా ముందే ఉంది.

హోర్‌స్టాడియస్ అక్కడితో ఆగలేదు. ఆ పై సగానికి నాలుగు మైక్రోమియర్లు అతికించాడు. ఖాళీ బంతిగా మిగలాల్సింది పేగుతో సహా దాదాపు పూర్తి లార్వా అయింది. 1993లో రాన్సిక్, డేవిడ్సన్ చేసింది ఇంకా సూటిగా ఉంటుంది: మామూలు పిండం పై కొన మీద మైక్రోమియర్లు పెడితే అక్కడ రెండో పేగు లోపలికి మడత పడింది. ఆ రెండో పేగు మైక్రోమియర్ల నుంచి పుట్టింది కాదు. చర్మం అవ్వాల్సిన పొరుగు కణాల చేత అవి పేగు కట్టించాయి. మరోపక్క ఒకజాకి 1975లో మైక్రోమియర్లను విడిగా తీసి గుర్రపు సీరం కలిపిన సముద్రపు నీళ్ళలో పెంచితే అవి ఎవరి సాయమూ లేకుండానే అస్థిపంజరపు పుల్లలు కట్టాయి. కాబట్టి మైక్రోమియర్‌కు రెండు గుణాలు. తానేమవ్వాలో తనకు తెలుసు, పక్కవాళ్ళను మార్చగలదు. ఈ రెండూ ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది చెప్పలేకపోతే మీ బాణాల బొమ్మ ఎందుకూ పనికిరాదు.

బొమ్మలోకి దిగేముందు ఒక్క జన్యువును దగ్గర్నుంచి చూద్దాం. ఎండో16 చివరికి పేగు మధ్యభాగంలో పనిచేసే జన్యువు. దాని ముందున్న 2,300 బేసుల నియంత్రణ ముక్కను కాల్‌టెక్‌లో ఎరిక్ డేవిడ్సన్ బృందం ఏళ్ళ తరబడి చిన్న చిన్న తునకలుగా కోసి, ఒక్కో తునకను రిపోర్టర్ జన్యువుకు (ఆన్ అయిందో లేదో తేలిగ్గా తెలిసే గుర్తు జన్యువుకు) కలిపి గుడ్లలోకి ఎక్కించి చూసింది. యూ, బొలూరి, డేవిడ్సన్‌ల 1998 పేపరు అది. ఆ ముక్క మీద ప్రోటీన్లు అతుక్కునే చోట్లు 30కి పైగా ఉన్నాయి, అవి కొన్ని మాడ్యూళ్ళుగా, అంటే ఒక్కో పని ఉన్న భాగాలుగా, విడిపోయి ఉన్నాయి. 'ఏ' అనే మాడ్యూల్ తొలిదశలో పిండం అడుగుభాగంలో జన్యువును నడిపిస్తుంది. 'బీ' తర్వాత పేగు ఏర్పడ్డాక బాధ్యత తీసుకుంటుంది. 'ఈ', 'ఎఫ్' అనేవి చర్మం కాబోయే పైకణాల్లో ఆ జన్యువును ఆపుతాయి. 'డీసీ' అస్థిపంజర కణాల్లో ఆపుతుంది. వీటన్నిటి మాటా చివరికి 'ఏ' మాడ్యూల్ ద్వారానే జన్యువుకు చేరుతుంది. 'ఏ'ను తీసేస్తే మిగతావి ఆపాలన్నా ఆపలేవు, పెంచాలన్నా పెంచలేవు.

గమనించండి, ఒక్క పేగు జన్యువు పక్కన ఇంత సరంజామా ఉంటే అందులో పెద్ద భాగం 'ఎక్కడ వద్దు' అని చెప్పడానికే ఉంది. ఇది కాస్త గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది. నన్నడిగితే సీ అర్చిన్ గురించి ఒక్క పేపరే చదవగలిగితే చదవాల్సింది ఇదే. తర్వాత వచ్చిన పెద్ద బొమ్మలన్నీ ఈ పని వందల జన్యువుల వైపు విస్తరించిన రూపాలే.

ఇప్పుడు మొదటి తేడా. గుడ్డు ఉన్నప్పుడే దాని అడుగు అంచున డిషెవెల్డ్ అనే ప్రోటీన్ పోగుపడి ఉంటుంది. బీటా-కటెనిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను కణం మామూలుగా ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తూ ఉంటుంది. డిషెవెల్డ్ ఉన్నచోట ఆ విరగ్గొట్టడం ఆగిపోతుంది. అందువల్ల అడుగు కణాల్లో బీటా-కటెనిన్ పోగై కేంద్రకంలోకి చేరుతుంది, పై కణాల్లో చేరదు. కేంద్రకంలో టీసీఎఫ్ అనే ఫ్యాక్టర్ డీఎన్ఏ మీద ముందే కూర్చుని ఉంటుంది. బీటా-కటెనిన్ లేనప్పుడు అది గ్రౌచో అనే జోడీతో కలిసి జన్యువులను ఆపుతుంది. బీటా-కటెనిన్ వస్తే గ్రౌచో తప్పుకుంటుంది, అదే టీసీఎఫ్ అవే జన్యువులను ఆన్ చేస్తుంది. ఒకే చోటు, ఒకే ప్రోటీన్, జోడీని బట్టి ఫలితం ఎదురు. 1999లో మెక్‌క్లే బృందం బీటా-కటెనిన్‌ను కేంద్రకంలోకి పోకుండా అడ్డుకుంటే పేగూ లేదు, అస్థిపంజరమూ లేదు, హోర్‌స్టాడియస్ ఖాళీ బంతే వచ్చింది. ఇంకో పాత ముడి కూడా ఇక్కడే విడిపోయింది. లిథియం కలిపిన నీళ్ళలో పెంచితే పిండం మొత్తం పేగు వైపు మొగ్గుతుందని కర్ట్ హెర్బ్‌స్ట్ 1892లోనే చూశాడు. బీటా-కటెనిన్‌ను విరగ్గొట్టించే జీఎస్‌కే3 ఎంజైమును లిథియం ఆపేస్తుందని తేలడానికి ఇంకో వందేళ్ళు పట్టింది.

అడుగున ఉన్న నాలుగు మైక్రోమియర్ల దగ్గరికి వద్దాం. మీ బొమ్మలో ముఖ్యమైన మలుపు ఇదే.

బీటా-కటెనిన్, తల్లి నుంచి వచ్చిన ఆటీఎక్స్ అనే ఫ్యాక్టర్ కలిసి మైక్రోమియర్లలో పీమార్1 అనే జన్యువును లేపుతాయి. అది 16 కణాల దశ నుంచే మొదలై కొన్ని గంటలు మాత్రమే పనిచేసి ఆగిపోతుంది. ఎవరైనా ఏమనుకుంటారు? ఇది పోయి అస్థిపంజర జన్యువులను ఆన్ చేస్తుందని. ఒలివేరి, డేవిడ్సన్ కూడా పీమార్1 ఎమ్మార్ఎన్ఏను (ప్రోటీన్ తయారీకి కణం చదివే జన్యువు నకలును) గుడ్డులోకి ఎక్కించి పిండంలోని అన్ని కణాల్లోనూ ఉండేలా చేశారు. ఊహించినట్టే దాదాపు పిండమంతా అస్థిపంజర కణాల తీరుకు మారింది. తర్వాత పీమార్1కు జన్యువులను ఆపడం తప్ప ఇంకేమీ రాని ఎన్‌గ్రెయిల్డ్ తునకను తగిలించి ఎక్కించారు. పీమార్1 ఆన్ చేసేదే అయితే ఇప్పుడు అస్థిపంజర కణాలు రాకూడదు. కానీ మళ్ళీ అదే ఫలితం వచ్చింది! అంటే పీమార్1 చేసే పని ఆపడమే. అస్థిపంజర జన్యువులను ఎవరో పిండమంతా ఆపి ఉంచుతున్నారు, ఆ ఆపేవాణ్ణి పీమార్1 మైక్రోమియర్లలో ఆపుతోంది. మనవాళ్ళనే 'శత్రువుకు శత్రువు మిత్రుడు' అన్నమాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఆ మధ్యవాడెవరో అప్పటికి తెలియదు. 'మైక్రోమియర్ రిప్రెసర్' అని ఒక ఖాళీ పేరు పెట్టి బొమ్మలో గీసేశారు. కనిపించని జన్యువును బొమ్మలో ముందే గీసి, తర్వాత వెతికి పట్టుకోవడం నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం. 2007లో రెవిల్లా-ఇ-డొమింగో, ఒలివేరి, డేవిడ్సన్ దాన్ని పట్టుకున్నారు: హెస్‌సీ. అది మైక్రోమియర్ల సంతతిలో తప్ప మిగతా పిండమంతటా పనిచేస్తుంది. మార్ఫోలినోతో (ఎంచుకున్న జన్యువు పనిని అడ్డుకునే కృత్రిమ అణువుతో) దాన్ని తగ్గిస్తే పీమార్1 జోలికి పోకుండానే అస్థిపంజరపు నియంత్రణ జన్యువులు పిండమంతటా లేచాయి. మీ పుస్తకం 'డబుల్ నెగటివ్ గేట్' అన్నది దీన్నే.

ఇంత తిరుగుడు దేనికి, నేరుగా ఆన్ చేయొచ్చుగా అని మీకు అనిపించే ఉంటుంది. నేరుగా ఆన్ చేసే పద్ధతిలో మైక్రోమియర్లకు 'చెయ్యి' అని చెప్పినట్టవుతుంది గానీ మిగతా కణాలకు ఏమీ చెప్పినట్టవ్వదు. అక్కడ ఏ కొంచెం తేడా వచ్చినా అస్థిపంజర జన్యువు అనుకోకుండా లేవొచ్చు. ఇక్కడ ఆ జన్యువులను ఆన్ చేయగల ఫ్యాక్టర్లు పిండమంతా విస్తారంగా ఉన్నాయి. కాబట్టి మిగతా చోట్ల హెస్‌సీ గట్టిగా వద్దంటోంది, ఒక్క మూల మాత్రం ఆ వద్దనేది లేదు. ఒకే గేటుతో రెండు పనులూ జరుగుతున్నాయి. ఎండో16 దగ్గర 'ఎక్కడ వద్దు' అన్నదే ఎక్కువ డీఎన్ఏను ఆక్రమించిందని చెప్పాను చూడండి, అదే తీరు ఇక్కడ మొత్తం కణవంశం స్థాయిలో కనిపిస్తుంది.

హెస్‌సీ తప్పుకున్న చోట ఏఎల్ఎక్స్1, ఈటీఎస్1, టీబీఆర్, డెల్టా అనే జన్యువులు లేస్తాయి. ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. పీమార్1 కొన్ని గంటలకే ఆరిపోతుంది, బీటా-కటెనిన్ కూడా ఆ కణాల్లో అలాగే ఉండిపోదు. పుట్టించినవాళ్ళు వెళ్ళిపోయాక అస్థిపంజర స్థితి ఎలా నిలుస్తుంది? ఈఆర్‌జీ, హెక్స్, టీజీఐఎఫ్ అనే మూడు జన్యువులు ఒకదాన్నొకటి ఆన్ చేసుకునే వలయంలోకి వెళ్తాయి. ఒకసారి ఆ వలయం తిరగడం మొదలైతే బయటి ఆదేశం అక్కర్లేదు. పై ఫ్యాక్టర్లు, ఈ వలయం కలిసి ఎస్ఎమ్50, ఎమ్ఎస్‌పీ130 వంటి అసలు కట్టుబడి జన్యువులను లేపుతాయి. వాటి ప్రోటీన్ల సాయంతోనే కాల్షియం కార్బొనేట్ పుల్ల పెరుగుతుంది. ఏఎల్ఎక్స్1ను తగ్గిస్తే ఆ కణాలు పిండం లోపలి ఖాళీలోకి దిగవు, పుల్లలు కట్టవు. ఏఎల్ఎక్స్1 ఒక్కటి చెబితే అయిపోదా అంటే అవదు. ఏఎల్ఎక్స్1 మనలోనూ ఉంది. మనలో అది దెబ్బతింటే ముఖం చీలికతో పుట్టే తీవ్రమైన లోపం వస్తుంది. గాలపాగస్ పిచ్చుకల ముక్కు ఆకారంలోని తేడాలకూ దీని ప్రాంతంతోనే సంబంధం ఉందని 2015లో తేలింది. దాదాపు అదే ప్రోటీన్, దాన్ని ఎవరు లేపుతారు, అది ఎవర్ని లేపుతుంది అన్నది వేరు.

మైక్రోమియర్ల రెండో గుణం గుర్తుందా, పక్కవాళ్ళను మార్చడం? హెస్‌సీ తప్పుకోగానే లేచేవాటిలో డెల్టా కూడా ఉంది కదా, అదే దానికి కారణం. అంటే తానేమవ్వాలన్నదీ, పొరుగుకు ఏం చెప్పాలన్నదీ ఒకే గేటు తెరుచుకోవడంతో వచ్చాయి. డెల్టా కణం పొరకే అతుక్కుని ఉండే ప్రోటీన్, నీళ్ళలో కలిసి దూరం పోదు. కాబట్టి మైక్రోమియర్ సంతతిని తాకుతున్న కణాల వరస మాత్రమే తన నాచ్ గ్రాహకంతో దాన్ని అందుకుంటుంది. ఆ కణాల్లో జీసీఎమ్ జన్యువు నియంత్రణ ముక్క మీద ఎస్‌యూహెచ్ అనే ఫ్యాక్టర్ కూర్చునే చోట్లు ఉన్నాయి. నాచ్ సంకేతం అందనిచోట ఎస్‌యూహెచ్ ఆ జన్యువును ఆపుతుంది. అందినచోట అదే లేపుతుంది. టీసీఎఫ్ దగ్గర చూసిన ఎత్తుగడే ఇక్కడా. లేచిన జీసీఎమ్ తన జన్యువును తానే ఆన్‌లో ఉంచుకుంటుంది. దాంతో ఆ వరసలోని కణాలు రంగు కణాలవుతాయి. జీసీఎమ్‌ను తగ్గిస్తే ఎరుపు చుక్కలు లేని తెల్లటి లార్వా ఈదుతుంది. ఆ రంగును తయారుచేసే పీకేఎస్ జన్యువును 2016లో డీఎన్ఏను కోసి మార్చే క్రిస్పర్ పద్ధతితో పాడుచేసినప్పుడూ అదే దృశ్యం. క్రిస్పర్ పనిచేసిందో లేదో మైక్రోస్కోపులో ఒక్క చూపుతో చెప్పేయొచ్చు. కొత్తగా ల్యాబులోకి వచ్చేవాళ్ళు దీంతో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం.

ఆ వరసకు పైన ఉన్నవి, అంటే డెల్టా తాకనివి, పేగు వైపు వెళ్తాయి. వాటి సంగతి క్లుప్తంగా చెబుతాను. వింట్8 అనే సంకేతం బీటా-కటెనిన్‌ను పెంచుతుంది, అది బ్లింప్1ను, బ్లింప్1 మళ్ళీ వింట్8ను. అయితే బ్లింప్1 తన జన్యువును తానే ఆపుకుంటుంది కూడా. అందువల్ల లోపలి కణాల్లో ముందు లేచింది ముందు ఆరిపోయి, ఆ చర్య ఉంగరంలా బయటికి జరుగుతుంది. ఆ లోపు ఫాక్స్ఏ, గాటాఈ, బ్రాకీయూరీ వంటివి పేగు స్థితిని నిలబెట్టేస్తాయి. ఇక పిండానికి నోటి వైపు, దాని ఎదుటి వైపు అన్న తేడా నోడల్ అనే సంకేతంతో వస్తుంది. దాన్ని 2004లో ఫ్రాన్స్‌లో లపాజ్ బృందం చూపించింది. అది మరో పెద్ద కథ, మీరడిగిందానికి అంత అవసరం లేదు.

ఇప్పటివరకు చదివి, ఒకసారి గేటు తెరుచుకుంటే కణం తలరాత ఖాయం అనుకుంటే మాత్రం పొరపాటు. ఎటెన్సన్, మెక్‌క్లే 1988లో చేసిన ప్రయోగం చూడండి. అస్థిపంజర కణాలు పిండం లోపలికి దిగాక వాటన్నిటినీ సన్నటి పిపెట్‌తో లాగేశారు. కొన్ని గంటలు ఏమీ జరగలేదు. తర్వాత, రంగు కణాలవీ కావాల్సిన గుంపులోంచి కొన్ని కణాలు దారి మార్చుకుని, సరైన చోట్లకు చేరి, మామూలు అస్థిపంజరమే కట్టాయి. అస్థిపంజర కణాలు ఉన్నంతవరకు అవే వీటిని ఆ దారి పట్టకుండా ఆపుతున్నాయన్నమాట. ఈ దారి మార్చుకున్న కణాల్లో ఏఎల్ఎక్స్1 లేస్తుంది, కింది జన్యువులూ లేస్తాయి. పీమార్1 మాత్రం లేవదు. అదే వలయంలోకి ఇంకో ద్వారం గుండా ప్రవేశిస్తున్నాయి. పెద్ద సీ అర్చిన్ గుల్ల, ముళ్ళు కట్టుకునేటప్పుడు కూడా ఏఎల్ఎక్స్1, ఈటీఎస్1 వంటివే కనిపిస్తాయి, అక్కడా పీమార్1 గేటు లేదు. లార్వాలోకి ఆ పాత సామగ్రిని ముందుకు జరిపి, ఎప్పుడు మొదలవ్వాలో చెప్పడానికి గేటు అమర్చినట్టు ఉంది పరిణామం చేసిన పని.

అందుకే ఆ గేటును ఒక సార్వత్రిక సూత్రంలా చదవొద్దు. పెన్సిల్ సీ అర్చిన్లు, అంటే సిడరాయిడ్ల వంశం, మిగతావాటి నుంచి 25 కోట్ల ఏళ్ళకు ముందే విడిపోయింది. వాటిలో హెస్‌సీ ఇలా డెల్టాను ఆపి ఉంచడం లేదని 2015లో చూపించారు. నక్షత్ర చేపలు ఇంకా దూరం, దాదాపు 50 కోట్ల ఏళ్ళు. వాటి లార్వాకు అస్థిపంజరమే లేదు. అయినా పేగును కట్టే బ్లింప్1, ఆటీఎక్స్, గాటాఈ, ఫాక్స్ఏ, బ్రాకీయూరీల అల్లిక చాలావరకు అలాగే ఉందని హిన్‌మన్ 2003లో చూపించింది. అంటే కొన్ని బాణాలు కోట్ల ఏళ్ళు కదలవు, కొన్ని తేలిగ్గా మారిపోతాయి. మీ బొమ్మలో అన్నీ ఒకే మందంతో గీసి ఉంటారు కాబట్టి ఆ సంగతి కనిపించదు.

ఊదా జాతి గేటు మీద కూడా చర్చ ఉంది. శర్మ, ఎటెన్సన్ 2010లో గంటల వారీగా కొలిస్తే, మైక్రోమియర్ సంతతిలోంచి హెస్‌సీ తొలగిపోకముందే ఏఎల్ఎక్స్1 మొదలవుతోందని వచ్చింది. కాబట్టి ఏఎల్ఎక్స్1 మొదటి మెరుపుకు వేరే కారణం ఉండి, హెస్‌సీ పాత్ర తర్వాతి దశలో ఎక్కువ అయ్యే వీలుంది. గేటు ఉందనడంలో నాకు అనుమానం లేదు. హెస్‌సీని తగ్గిస్తే పిండమంతా మారిపోవడం చాలా బలమైన ఆధారం. అయితే గేటు ఒక్కటే మొత్తం కథ నడిపిస్తుందని పుస్తకాలు రాసే తీరు మరీ ఎక్కువ.

ఈ బాణాలు ఎలా వచ్చాయో తెలిస్తే వాటిని ఎంత నమ్మాలో మీకే తెలుస్తుంది. ప్రోటమిన్ పూసిన ప్లేటు మీద గుడ్లను వరసగా అతికించి, ఒక్కోదానిలోకి పికోలీటర్లలో మార్ఫోలినో ఎక్కిస్తారు. తర్వాత అనేక జన్యువుల ఎమ్మార్ఎన్ఏ కొలుస్తారు. ఒకటి తగ్గితే మరోటి తగ్గిందంటే వాటి మధ్య సంబంధం ఉందని తెలుస్తుంది గానీ అది నేరు సంబంధమా, మధ్యలో ఇంకోటి ఉందా అన్నది తెలియదు. అది తేలాలంటే ఎండో16కు చేసినట్టు నియంత్రణ ముక్కను తీసి, అతుక్కునే చోటును మార్చి, రిపోర్టర్ ఆరిందో లేదో చూడాలి. బొమ్మలోని కొన్ని గీతలకు ఈ రెండో ఆధారం ఉంది, కొన్నిటికి మొదటిదే ఉంది. ఇంకో పద్ధతిలో కూడా పరీక్షించారు: పీటర్, ఫోర్, డేవిడ్సన్ 2012లో సుమారు 50 జన్యువుల నియమాలను ఆన్, ఆఫ్ లెక్కలుగా రాసి కంప్యూటర్‌లో 30 గంటల వరకు నడిపారు. ఏ గంటకు ఏ ప్రాంతంలో ఏ జన్యువు ఉండాలో చాలావరకు సరిగ్గా వచ్చింది. జన్యువును తీసేసినా, మైక్రోమియర్లను వేరే చోట పెట్టినా ఏమవుతుందో కూడా ల్యాబు ఫలితాలతో సరిపోయింది. పేగు, అస్థిపంజరం, రంగు కణాల వరకు ఉన్న అల్లికలో పెద్ద లోటేమీ మిగల్లేదని చెప్పడానికి నా దృష్టిలో అదే గట్టి సాక్ష్యం.

మీ బొమ్మ విషయానికొస్తే, దాన్ని ఒకేసారి మొత్తం చూడకండి. రంగు గళ్ళు పిండంలోని ప్రాంతాలు, పైనుంచి కిందికి సుమారుగా కాలం. ఒక జన్యువు పేరు రెండు గళ్ళలో కనిపిస్తే అది రెండు చోట్లా పనిచేస్తుందని అర్థం, రెండు జన్యువులని కాదు. ముందు మైక్రోమియర్ గడి ఒక్కటి ఉంచి మిగతాది కాగితంతో కప్పేయండి. బీటా-కటెనిన్ నుంచి పీమార్1, దాన్నుంచి హెస్‌సీకి అడ్డగీత, హెస్‌సీ నుంచి ఏఎల్ఎక్స్1కు, డెల్టాకు అడ్డగీతలు. వీటిని బొమ్మ చూడకుండా గీయగలిగాక కాగితం పక్కకు జరిపి, డెల్టా గీత వెంట పక్క గడిలోకి వెళ్ళండి. అది ఆగేచోట జీసీఎమ్ ఉంటుంది.